మూడు స్టేషన్ల దూరం

"అన్నా, జావా ఎవరు బాగ చెప్తరు?" హైదరాబాద్ అమీర్‌పేటలో, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులతో నిండిన మైత్రీవనం పక్క సందులో బ్యాగు తగిలించుకుని దిగిన కుర్రాడు జిరాక్స్ షాపు ముందు నిలబడి అడిగే మొదటి ప్రశ్న ఇదే. షాపతను తలెత్తకుండానే చెప్పే జవాబూ ఏళ్లుగా మారలేదు. "డెమో విను తమ్మీ, నచ్చితే కట్టు."

అమీర్‌పేట మొత్తం ఆ మాట మీదే నడుస్తోంది. కొత్త బ్యాచ్ మొదలవుతుందంటే గోడకు ఒక కాగితం అంటిస్తారు. సబ్జెక్టు పేరు, టైము, చెప్పేవారి పేరు. ఇంజనీరింగ్ కాలేజీ బ్రోషర్‌లో భవనం ఫొటో ఉండే చోట ఇక్కడ మాస్టారి పేరు ఉంటుంది, అదీ పెద్ద అక్షరాల్లో. మొదటి రెండు మూడు క్లాసులకు ఫీజు అడగరు. కుర్చీలు చాలక గోడకు ఆనుకుని వినేవాళ్లూ ఉంటారు. మూడో రోజుకు సగం మంది పక్క ఇన్‌స్టిట్యూట్‌కు జారుకున్నారంటే ఆ పాఠం మీద తీర్పు వచ్చేసినట్టే. దాని మీద అప్పీలుండదు.

అదే సందులోంచి బయటికొచ్చి అమీర్‌పేట స్టేషన్‌లో ఎల్బీ నగర్ వైపు వెళ్లే మెట్రో ఎక్కితే పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఆ తర్వాత ఖైరతాబాద్. 2018 సెప్టెంబర్‌లో ఈ దారి తెరుచుకున్నాక ఆ మూడు స్టేషన్లు నిమిషాల పని. ఖైరతాబాద్‌లో విశ్వేశ్వరయ్య భవన్ ఉంది. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ రాష్ట్ర కేంద్రం అది. అక్కడ పాఠాలు, సదస్సులు, స్మారకోపన్యాసాలు, శాలువాలు. ఒక చివర సంఘం లేని బోధన, మరో చివర బోధన కన్నా సంఘం ఎక్కువగా కనిపించే సభ. ఇంజనీరింగ్ చెప్పేవాళ్ల వృత్తి సంఘాలు ఇన్నేళ్లలో ఏం చేశాయి, ఏది చేయకుండా వదిలేశాయి అని అడిగేవారికి ఈ దారిలోనే కావలసినంత సరుకు దొరుకుతుంది.

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. ఇంజనీర్ల సంఘం వేరు, ఇంజనీరింగ్ అధ్యాపకుల సంఘం వేరు. 1920లో పుట్టి 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ మొదటి రకం. దాని సభ్యుల్లో డ్యాములు కట్టినవాళ్లు, రోడ్లు వేసినవాళ్లు, వాళ్లతోపాటు పాఠాలు చెప్పేవాళ్లూ ఉంటారు. ఎర్రమంజిల్‌లో ఫక్రుల్ ముల్క్ ప్యాలెస్‌నే దశాబ్దాలపాటు రోడ్లు, నీటిపారుదల శాఖల ఇంజనీర్లు ఆఫీసుగా వాడుకున్నారు.  పక్కనే నీటిపారుదల శాఖ కార్యాలయం జలసౌధ. అంటే ఖైరతాబాద్ సభలకు శ్రోతలు అడుగు దూరంలోనే ఉండేవారన్నమాట. సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్యకు, జూలై 11న నిజాంసాగర్ నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్‌కు పూలదండలు పడటంలో ఆ పొరుగు ప్రభావం లేకపోలేదు.

అయితే ఈ సంఘం బోధనకు చేసిన మేలు చిన్నదేమీ కాదు. పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రి చదువుకునే డిప్లొమా కుర్రాళ్లకు ఏఎంఐఈ పరీక్ష తరాలపాటు ఇంజనీరింగ్ డిగ్రీకి వెనక తలుపులా పనికొచ్చింది. 2013 మే 31 తర్వాత చేరినవారికి ఆ సమానత్వం వర్తించకుండా పోయింది. 1981లో ఇదే సంఘం హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియాను పెట్టింది. గచ్చిబౌలిలో దాని శిక్షణ తరగతులు ఇప్పటికీ నడుస్తున్నాయి, వాటికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్లు.

అధ్యాపకుల సొంత సంఘం ఇండియన్ సొసైటీ ఫర్ టెక్నికల్ ఎడ్యుకేషన్. కాలేజీల్లో 'ఐఎస్‌టీఈ' అంటే తెలియనివారుండరు. దీని పుట్టుక గమనించదగ్గది. 1941లో మొదలైనప్పుడు అది సాంకేతిక సంస్థల ప్రిన్సిపాళ్ల సంఘం. 1968లో అధ్యాపకులందరికీ తలుపు తీసి పేరు మార్చుకుంది. కార్యాలయం ఢిల్లీ ఐఐటీ ప్రాంగణంలో. రాష్ట్రాల్లో సెక్షన్లు, కాలేజీల్లో అధ్యాపక ఛాప్టర్లు, విద్యార్థి ఛాప్టర్లు, ఏడాదికో జాతీయ మహాసభ, ఉత్తమ అధ్యాపక పురస్కారాలు, ఒక పత్రిక, స్వల్పకాలిక శిక్షణలు. జీవితకాల సభ్యుల సంఖ్య లక్ష దాటింది. ఇంత పెద్ద సంఘం ప్రపంచంలో చాలా దేశాలకు లేదు. ప్రిన్సిపాళ్ల ఇంట పుట్టినందువల్లనో ఏమో, దీని పోకడలో ఇప్పటికీ పరిపాలన వాసన కొంత తగులుతుంది. వేదిక మీద కుర్చీలు ఎక్కువ, తరగతి గది ముచ్చట తక్కువ.

ఈ పోకడ ప్రతిచోటా ఇంతేనా? అమెరికాలో ఇంజనీరింగ్ అధ్యాపకుల సంఘం 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా పుట్టింది. ఇప్పటి పేరు, అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్, 1946లో వచ్చింది. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న గొడవను ఆ సంఘం తన నెత్తినే వేసుకుంది. 1918లో మాన్ నివేదిక, 1955లో గ్రింటర్ నివేదిక ఆ రచ్చలోంచి వచ్చినవే. ఇంజనీరింగ్ సిలబస్‌లో గణితం, భౌతికశాస్త్రం బరువు పెరిగి, వర్క్‌షాపు గంటలు తగ్గడానికి గ్రింటర్ నివేదికే పెద్ద కారణం. 1991 నుంచి కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ రిచర్డ్ ఫెల్డర్ వంటివాళ్లు ఆ సంఘం తరఫున సాటి అధ్యాపకులకు పాఠం చెప్పడం ఎలాగో నేర్పుతూ వచ్చారు. యూరప్‌లో 1972లో ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్‌లో ఇంజనీరింగ్ బోధనాశాస్త్రానికే ప్రత్యేకంగా ఐజీఐపీ అనే సంఘం పెట్టి, అధ్యాపకులకు ఒక అర్హతా పత్రాన్ని రూపొందించారు.

మనదేశంలో ఇంజనీరింగ్ చదువును సమీక్షించే పని సర్కారు కమిటీలకు పోయింది. 2003లో యు.ఆర్. రావు కమిటీ సాంకేతిక విద్యా నియంత్రణ మండలి ఏఐసీటీఈ పనితీరును సమీక్షించింది. తర్వాత హైదరాబాద్‌కే చెందిన సయెంట్ వ్యవస్థాపకుడు బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి అధ్యక్షతన మరో కమిటీ కూర్చుని, 2020 నుంచి కొత్త ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులు ఆపమంది. ఆపారు, 2023లో మళ్లీ గేట్లెత్తారు. సీట్లెన్ని ఉండాలో చెప్పడానికి ఒక పారిశ్రామికవేత్త కావలసివచ్చింది. లక్షమంది అధ్యాపకుల సంఘం ఆ మాట ముందే ఎందుకు అనలేకపోయిందన్నది అడగవలసిన ప్రశ్నే.

అడగడానికి తెలుగునేల కన్నా తగిన చోటు లేదు. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. తొలినాళ్లలో అక్కడ పాఠాలు ఉర్దూలో. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడింది. 1979లో సీబీఐటీ, 1981లో వాసవి. అప్పటిదాకా వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన కాలేజీలు. తర్వాతి కథలో కోర్టులున్నాయి, జీవోలున్నాయి. కాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ 1983లో ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది. 1993లో సుప్రీంకోర్టులో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల ఫీజులపై ఉన్నికృష్ణన్ కేసు నడిచింది కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీదే. తొంభైల చివర్లో ఐటీ గాలి వీచింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్లకే ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీల సంఖ్య 700 దాటింది.

భవనాలు ఏడాదిలో కట్టవచ్చు. మాస్టార్లు ఏడాదిలో తయారుకారు. నిరుడు బీటెక్ పాసైనవాళ్లు ఈ ఏడాది బీటెక్ విద్యార్థులకు పాఠాలు చెప్పిన రోజులు చాలామందికి గుర్తే. 2010లో ఎంటెక్ తప్పనిసరి అన్నాక ఎంటెక్ సీట్లూ అదే వేగంతో పెరిగాయి. ఇందులో వింత ఒకటుంది. ఊరి ప్రభుత్వ బడిలో ఐదో తరగతికి లెక్కలు చెప్పాలంటే టీచర్ ట్రైనింగ్ కావాలి. థర్మోడైనమిక్స్ చెప్పడానికి అక్కర్లేదు. ఆ లోటు పూడ్చడానికే అరవైల్లో కేంద్రం భోపాల్, కోల్‌కతా, చండీగఢ్, మద్రాసుల్లో సాంకేతిక అధ్యాపక శిక్షణ సంస్థలు పెట్టింది. దక్షిణాది మొత్తానికి మద్రాసే దిక్కు, హైదరాబాద్‌కు దక్కింది దాని విస్తరణ కేంద్రం. కాలేజీలు పుట్టిన వేగానికి ఆ నాలుగు సంస్థలు ఏ మూలకు?

ఆ ఖాళీలోకి వచ్చిందే ఎఫ్‌డీపీ. ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం. ఐఎస్‌టీఈ బ్యానరుతోనో, ఏఐసీటీఈ డబ్బుతోనో, కాలేజీ సొంత ఖర్చుతోనో జరిగే వారం రోజుల శిక్షణ. వీటిలో మంచివి లేవనడం అన్యాయం. కానీ వీటిని కొలిచే కొలతలోనే తిరకాసుంది. 2014 జూన్‌లో ఇండియా, ఇంజనీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపుకు ఉద్దేశించిన వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. మన బీటెక్‌కు బయటి దేశాల్లో గుర్తింపు రావాలంటే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ (ఎన్‌బీఏ) గుర్తింపు ఉండాలి. ఎన్‌బీఏ ఏళ్లపాటు వాడిన స్వీయ మదింపు నివేదికలో మొత్తం 1000 మార్కులు. వృత్తి సంఘాల ఛాప్టర్లు, కార్యక్రమాలకు అందులో 5. ఎఫ్‌డీపీలకు వెళ్లినందుకు 15. ఆ పదిహేనూ ఎలా వస్తాయంటే, రెండు నుంచి ఐదు రోజుల శిక్షణకు ఒక్కో అధ్యాపకుడికి 3 పాయింట్లు, ఐదు రోజులు దాటితే 5. మళ్లీ చదవండి. రోజులు లెక్కకొచ్చాయి. అక్కడేం నేర్చుకున్నారో, తిరిగొచ్చి తరగతిలో ఏం మార్చారో ఆ లెక్కలో లేదు.

లెక్క ఎలా ఉంటే పని అలా తయారవుతుంది. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడగానే స్టాఫ్‌రూముల్లో కోర్సు ఫైళ్లు గుట్టలుగా పెరుగుతాయి. కోర్సు ఫలితాలను ప్రోగ్రాం ఫలితాలతో జతచేసే సీవో-పీవో మ్యాపింగుల ఎక్సెల్ షీట్లు ఒక చేతినుంచి మరో చేతికి మారతాయి. సభ్యత్వం ఉందా అన్న గడి నింపడానికి ఐఎస్‌టీఈ నంబరు వెతుక్కుంటారు. 2020 లాక్‌డౌన్‌లో అయితే వెబినార్ల వరద. లింకు నొక్కి, కెమెరా ఆపేసి, ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే సాయంత్రానికి మెయిల్లో ఈ-సర్టిఫికెట్. ఒకే రోజు రెండు రాష్ట్రాల్లో ఎఫ్‌డీపీకి 'హాజరైన' ఘనులూ ఉన్నారు.

ఈ గుంపులో వేరుగా నిలిచే ప్రయత్నాలు రెండు. మొదటిది బొంబాయి ఐఐటీ, ఐఎస్‌టీఈ పేరుతో నడిపిన రెండు వారాల వర్క్‌షాపులు. కేంద్ర ప్రభుత్వపు ఐసీటీ విద్యా మిషన్ డబ్బుతో, ప్రొఫెసర్ దీపక్ ఫాటక్ చొరవతో మొదట వెయ్యిమంది అధ్యాపకులకు, తర్వాత పదివేలమందికి అని లక్ష్యం పెట్టుకున్నారు. పద్ధతి తేలికైనదే. ఒక్కో సబ్జెక్టుకు ముందు సమన్వయకర్తలను బొంబాయి పిలిచి తయారుచేస్తారు. ఆ తర్వాత దేశమంతా కాలేజీల్లోని రిమోట్ సెంటర్లలో అధ్యాపకులు కూర్చుంటారు. ఉపన్యాసం ఐఐటీ నుంచి ప్రత్యక్షంగా, ల్యాబ్ పని స్థానిక సమన్వయకర్త కళ్లముందు. అడిగిన ప్రశ్న బొంబాయికి వినిపిస్తుంది, జవాబు అందరికీ వినిపిస్తుంది. ఇక్కడి కాలేజీల నుంచి వెళ్లినవారికి దాని విలువ పాయింట్లలో లేదు. పదేళ్లుగా తాను చెబుతున్న సబ్జెక్టును ఇంకొకరు మొదటి అక్షరం నుంచి చెబుతుంటే వినే అవకాశం అధ్యాపకుడికి ఎప్పుడొస్తుంది?

రెండోది ఐయూసీఈఈ. 2007లో మైసూరు ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఇండియా, అమెరికాల విద్యావేత్తలు, పరిశ్రమ పెద్దలు కలిసి కూర్చుని వేసిన బీజం. నడిపించినది మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం లోవెల్ ప్రాంగణంలో ఇంజనీరింగ్ డీన్‌గా చేసిన కృష్ణ వేదుల. 2008 వేసవిలోనే అమెరికా ప్రొఫెసర్లు మైసూరు వచ్చి మన అధ్యాపకులకు పాఠం చెప్పే పద్ధతుల మీద శిక్షణనిచ్చారు. 2014 జనవరిలో హుబ్లీలో మొదలైన వార్షిక సదస్సు, ఇస్లాంపూర్ దగ్గరి రాజారాంబాపు కాలేజీ ప్రచురించే పత్రిక, 1995లో పర్‌డ్యూలో పుట్టిన సామాజిక ప్రాజెక్టుల కోర్సును మన కాలేజీలకు తేవడం, ఇలా శాఖలు వేసింది. హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీలు చాలానే ఇందులో సభ్యులయ్యాయి. దీని అసలు పనితనం మాత్రం ఐజీఐపీతో కలిసి నడిపే అధ్యాపక సర్టిఫికేషన్‌లో కనిపిస్తుంది. మూడు రోజులు విని ఇంటికి పోతే చాలదు. నేర్చుకున్న పద్ధతిని సొంత తరగతిలో వాడి, ఏమైందో రాసి, సదస్సులో సాటివాళ్ల ముందు పెట్టాలి. లోపం లేదని కాదు. ఇది సంస్థాగత సభ్యత్వం మీద నడిచే వ్యవస్థ. చందా కట్టగల యాజమాన్యం ఉన్న కాలేజీకి అందుతుంది. జీతమే రెండు నెలలు ఆలస్యమయ్యే చోట మాస్టారికి ఈ సదస్సు చందమామే.

ఆ జీతం ముచ్చట వృత్తి సంఘాలు పట్టించుకోవు. ఫీజు బకాయిలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో పెట్టుకోవడం, వేసవిలో ఉద్యోగం ఊడటం, ఇవన్నీ ఉద్యోగుల సంఘాల పని అని వదిలేశాయి. పని పంపకం సబబుగానే కనిపిస్తుంది. కానీ ఏడాదికోసారి కాలేజీ మారే మాస్టారు తన పాఠాన్ని ఎప్పుడు చెక్కుకుంటాడు?

పంజాగుట్టలో ఒకసారి దిగి చూడాలి. నిమ్స్ ఆసుపత్రి అక్కడే. రోగి మంచం పక్కన పీజీ డాక్టరు కేసు చెబుతుంటే ప్రొఫెసర్ వింటాడు, అడ్డుకుంటాడు, మళ్లీ చెప్పిస్తాడు. వైద్యవిద్యలో ఒకరి పని మరొకరి కళ్లముందు జరగడం రోజువారీ వ్యవహారం. పైగా వైద్య కళాశాలలన్నిటిలో మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ ఉండాలి. పదోన్నతి కావాలంటే బోధనా పద్ధతుల మీద బేసిక్ కోర్సు చేసి ఉండాలి. ఇంజనీరింగ్ వైపు ఏఐసీటీఈ కూడా కొత్త అధ్యాపకుల కోసం స్వయం ఆన్‌లైన్ వేదిక మీద ఎనిమిది మాడ్యూళ్ల శిక్షణ పెట్టింది. పాఠ ప్రణాళిక, మూల్యాంకనం, వృత్తి నీతి, అన్నీ అందులో ఉన్నాయి. కానీ కాలేజీలో లెక్చరర్ ఒకసారి తలుపు వేసుకున్నాక ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు విద్యార్థులే. యూనివర్సిటీ ర్యాటిఫికేషన్ ఇంటర్వ్యూలో నిపుణుల ముందు మాట్లాడే ఆ కాసేపు తప్ప, సాటి అధ్యాపకుడి ముందు పాఠం చెప్పకుండానే రిటైరయ్యేవాళ్లున్నారు.

తిరిగి అమీర్‌పేటకు. దాన్ని ఆకాశానికెత్తడం ఈ మధ్య ఫ్యాషన్. అక్కడ అమ్ముడయ్యేది పనిముట్టు. మెయిన్‌ఫ్రేమ్స్ బోర్డులు పోయి హడూప్ వచ్చింది, అది పోయి డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌కు బ్యాచ్ పెట్టరు, ఎందుకంటే కొనేవాళ్లుండరు. ఇంటర్వ్యూ ప్రశ్నల జిరాక్స్ కట్ట పాఠం కన్నా ముందే చేతికొస్తుంది. లేని అనుభవాన్ని కాగితం మీద సృష్టించే చీకటి వ్యాపారమూ ఆ చుట్టుపక్కల అప్పుడప్పుడు పోలీసు కేసుల్లో బయటపడుతూనే ఉంది. హాల్లో కిక్కిరిసిన బ్యాచ్‌లో వెనక వరస కుర్రాడి సందేహం వెనకే ఉండిపోతుంది. ఇక డెమో నచ్చడం వేరు, పాఠం ఒంటబట్టడం వేరు. చతురోక్తులకు చప్పట్లు పడ్డంత తేలిగ్గా రికర్షన్ అర్థం కాదు.

అయినా అక్కడి మాస్టార్లకు కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే తెలుసు. వచ్చినవాళ్లను బట్టి భాష మార్చుకుంటారు. వరంగల్, అనంతపురం కుర్రాళ్లు నిండిన హాల్లో 'ఈ ఆబ్జెక్టు ఏం చేస్తదంటే' అని తెలుగులోకి జారిపోతారు. కాలేజీలో ఇంగ్లిష్‌లోనే చెప్పాలన్న నియమం ఉంటుంది. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో బీటెక్‌కు అనుమతిస్తే అది పెద్ద వార్త అయింది. అమీర్‌పేట దానికి అనుమతి అడగలేదు. ఒక పాఠం రెండుసార్లు చెబితే రెండోసారి ఎక్కడ తడబడ్డారో కుర్చీల ఖాళీలే చెబుతాయి. కరోనా తర్వాత బ్యాచ్‌లు చాలావరకు ఆన్‌లైన్‌కు మళ్లినా డెమో పోలేదు, యూట్యూబ్‌కు మారిందంతే.

ఇప్పుడు కాలేజీల ముందున్న సమస్య మరీ ముదిరింది. తెలంగాణలో ఇంజనీరింగ్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలవే. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు సీట్ల పైపరిమితి కూడా ఏఐసీటీఈ ఎత్తేసింది. సివిల్, మెకానికల్ సెక్షన్లు మూతపడుతుంటే, ఇరవై ఏళ్లు ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పిన మాస్టార్లు ఏం చెప్పాలి? అధ్యాపక, విద్యార్థి నిష్పత్తి 2018లోనే 1:15 నుంచి 1:20కి జారింది. ఒక సీనియర్‌ను కొత్త సబ్జెక్టుకు మళ్లించడం ఎలా, దానికి ఎన్ని నెలలు, ఎవరి తోడు? ఇది సాక్షాత్తూ అధ్యాపకుల సంఘం తేల్చవలసిన ప్రశ్న. ఇంకే కమిటీకీ దాని కన్నా ఎక్కువ తెలిసే వీలు లేదు. ఐఎస్‌టీఈ సెక్షన్లు తలుచుకుంటే రాష్ట్రమంతా వాళ్లకు ఛాప్టర్లున్నాయి, ప్రతి ఛాప్టర్‌కూ ఆ సమస్య ఎదురుగానే ఉంది.

మొదలెట్టడానికి నిధులూ అక్కర్లేదు. నెలకో శనివారం, ఛాప్టర్‌లో ఒక్కరు తమ మామూలు పాఠాన్నే చెప్పడం, ఇద్దరు ముగ్గురు సాటివాళ్లు విద్యార్థుల మధ్య కూర్చుని వినడం, తర్వాత స్టాఫ్‌రూములో చాయ్ తాగుతూ ఎక్కడ నిద్రొచ్చిందో చెప్పడం. అమీర్‌పేట డెమోకు ఇది కాస్త మర్యాద తొడిగిన రూపం. బ్యానరు కట్టక్కర్లేదు, పాయింట్లు రావు. కూర్చోవడానికి చోటంటారా, కాలేజీల్లో ఖాళీగా ఉండేవి ఎలాగూ మొదటి బెంచీలే.